కుంటా కింటే సాయిబే

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో మొదలైనప్పుడు తెచ్చిన తొలి పుస్తకాల్లో 'ఏడు తరాలు' ఒకటి. అమెరికా నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన 'రూట్స్'ను సహవాసి కుదించి తెలుగు చేశారు. విద్యార్థి ఉద్యమాల నీడ సోకిన కాలేజీల్లో ఆ పుస్తకం చేతులు మారుతూ అట్టలు ఊడేదాకా తిరిగింది. కుంటా కింటే కోసం ఏడ్వని వాళ్ళు లేరు. కానీ ఆ కుంటా కింటే ముసల్మాను అన్న సంగతి ఎంతమందికి గుర్తుంది?

హేలీ నవలలో కుంటా పుట్టింది గాంబియాలోని జుఫూరే పల్లెలో. తండ్రి ఒమొరో బిడ్డ పేరును ముందు బిడ్డ చెవిలోనే చెప్తాడు, తానెవరో అందరికంటే ముందు ఆ మనిషికే తెలియాలని. పసిబిడ్డ చెవిలో అజాన్ పలికే ఇళ్ళల్లో పుట్టిన మాకు ఈ ముచ్చట కొత్తగా అనిపించలేదు. కుంటా ఖురాన్ చదువుకుంటాడు. ఓడ అడుగున గొలుసుల మధ్య అల్లాను తలుచుకుంటాడు. తోటలో పంది మాంసం పెడితే ముట్టడు. 'టోబీ' అని తెల్లవాడు పెట్టిన పేరును లోలోపల ఎన్నడూ ఒప్పుకోడు. నాలుగుసార్లు పారిపోతే పాదం నరికేస్తారు.

హేలీ చెప్పిన వంశవృక్షం మీద పరిశోధకులు తర్వాత చాలా అనుమానాలు లేవదీశారు. వేరొకరి నవల నుంచి తీసుకున్నాడన్న కేసు 1978లో రాజీ అయింది. దాన్ని నవలగా చదవడమే న్యాయం. అయితే పశ్చిమ ఆఫ్రికా నుంచి ముసల్మాన్లను పట్టుకుపోయి అమెరికాలో అమ్మారన్నది కల్పన కాదు. సెనెగల్ ప్రాంతం నుంచి 1807లో అట్లా అమ్ముడుపోయిన ఒమర్ ఇబ్న్ సయ్యద్ అనే ఆలిం, బానిసగా ఉంటూనే 1831లో తన జీవితకథను అరబ్బీలో రాసుకున్నాడు. ఆ రాతప్రతి ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నది.

1990ల చివర పరిగి నుంచి డిగ్రీ కోసం వికారాబాద్‌కో, పట్నానికో పోయిన మాలాంటి వాళ్ళం ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడేవాళ్ళం. 'ఏడు తరాలు' మేము తెలుగులోనే చదివాం. దాని మీద చర్చలు కూడా విన్నాం. బానిసత్వం గురించి, పెట్టుబడి గురించి, వర్గం గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళు. కుంటా నమాజు గురించి అడిగితే 'మతం సంగతి ఇక్కడెందుకు' అనేవాళ్ళు. చర్చకు తలుపులు బార్లా తెరిచే ఉండేవి, కాకపోతే మతాన్ని చెప్పుల్లెక్క గడప బయట విడిచి రావాలె. అదే సభ జ్యోతి వెలిగించి మొదలుపెడితే అది సంస్కృతి! మా చెప్పులు మాత్రమే కనబడేవి.

నల్లవాళ్ళ కథలోని అస్తిత్వాన్ని తెలుగువాళ్ళకు చదివి వినిపించింది దళితులే. 1966లో అమెరికాలోని ఓక్లండ్‌లో బ్లాక్ పాంథర్స్ పుడితే, ఆ పేరు నుంచే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ వచ్చింది. ఇక్కడ 1985లో కారంచేడు, 1991లో చుండూరు రక్తం చూసినంక, వర్గం ఒక్కటే అన్నిటికీ జవాబు కాదన్న మాట కాలేజీ గోడలు దాటింది. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. మా వైపు 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేత, 1998లో ముస్లిం కవుల 'జల్‌జలా'. మా గురించి మేమే మాట్లాడాలె అన్నది నల్లవాళ్ళ నుంచి దళితులకు, దళితుల నుంచి మాకు అందింది. ఈ బాకీ ఒప్పుకోవడానికి మాకేం నామోషీ లేదు.

ఇందులో ఒక తిరకాసు ఉన్నది. నల్లవాళ్ళలో ఎందరో తమ పహచాన్ వెతుక్కుంటూ వెనక్కి నడిచి ఇస్లాంను చేరుకున్నారు. యజమానులు పెట్టిన ఇంటిపేరు వద్దని మాల్కం లిటిల్ 'ఎక్స్' అయ్యాడు, 1964లో హజ్ చేశాడు. 1965లో అతను హత్యకు గురైనంక వెలువడిన ఆత్మకథను అతనితో కూర్చుని రాసింది ఈ అలెక్స్ హేలీయే. 1964లోనే కాషియస్ క్లే, మహమ్మద్ అలీ అయ్యాడు. ఏ పేరు చెప్తే పట్నంలో మాకు కిరాయికి ఇల్లు దొరకదో, ఆ పేరును వాళ్ళు విడుదల పత్రంగా పెట్టుకున్నారు.

ఇంతదాకా బాగానే ఉంది. మరి మన పక్కనున్న నల్లవాళ్ళ సంగతి? దక్కన్‌కు బానిసగా వచ్చిన ఇథియోపియా మనిషి మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించాడు. 1626లో చనిపోయేదాకా మొగలులను నిలువరించాడు. తర్వాత ఔరంగాబాద్ అయిన ఖడ్కీ ఊరిని నిలబెట్టింది ఆయనే. ఇక 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి వచ్చిన హబ్షీ సైనికులు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయ్యారు. వాళ్ళున్న చోటే హైదరాబాద్‌లోని ఏ.సి. గార్డ్స్. ఆ ఏ.సి.ని చల్లగాలి మిషన్ అనుకునే కుర్రాళ్ళున్నారు. నిజాం రాజ్యంతోపాటే ఆ దళమూ పోయింది, కుటుంబాలు మిగిలాయి. వాళ్ళు వాయించే మర్ఫా లేకుంటే మా వైపు బారాత్‌కు ఊపు రాదు.

దెబ్బకు చిందేస్తాం కానీ, మా ఇళ్ళల్లో 'హబ్షీ' అన్నది ఇప్పటికీ తిట్టే. మొదటి అజాన్ ఇచ్చిన బిలాల్ హబ్షీ అని జుమ్మా బయాన్‌లో కళ్ళు తుడుచుకున్న పెద్దమనిషే కొడుక్కు సంబంధం చూసేటప్పుడు 'లడ్కీ గోరీ హోనా' అంటడు. దీని మీద మా జమాతుల్లోనూ బహిరంగ చర్చ లేదు, మా కవిత్వంలోనూ తక్కువే. మెజారిటీని నిలదీసిన కలం ఇక్కడికొచ్చేసరికి సిరా అయిపోయినట్టు ఆగుతది.

2016 మే నెలలో ఢిల్లీలో కాంగో దేశపు యువకుణ్ణి కొట్టి చంపారు. అదే నెలలో హైదరాబాద్‌లో పార్కింగ్ గొడవ పడి ఒక నైజీరియా విద్యార్థిని రాడ్‌తో కొట్టారు. ఉస్మానియాకు ఆఫ్రికా దేశాల నుంచి పిల్లలు చదువుకోవడానికి వస్తూనే ఉన్నారు. సూడాన్ వాళ్ళు, సోమాలియా వాళ్ళు జుమ్మా నాడు మా పక్కనే సఫ్‌లో భుజం ఆనించి నిలబడతారు. సలాం తిప్పినంక ఎవరి దారి వారిది. వాళ్ళు కిరాయికి గది అడిగితే, మా మొహల్లాలో కూడా ముందు మొహం చూస్తారు, ఆ తర్వాతే పేరు అడుగుతారు.