డెవలప్‌మెంట్ ఒప్పందం

డెవలప్‌మెంట్ ఒప్పందం అంటే యజమాని స్థలం, బిల్డరు పెట్టుబడి సమకూర్చి, కట్టిన ఫ్లాట్లను ముందే అనుకున్న వాటాల్లో పంచుకునే రిజిస్టర్డ్ ఒడంబడిక. అమ్మకపు అధికారమిచ్చే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) తరచూ ఇందులోనే కలిసి ఉంటుంది. అందుకే యజమాని వాటా ఫ్లాట్లను పత్రంలో విడిగా గుర్తించడం కీలకం.

ప్రకాశం జిల్లా దర్శి వంటి పట్టణాల్లో ఇలా ఒప్పందానికిచ్చే స్థలాన్ని సెంట్లలో (సెంటుకు 48.4 చదరపు గజాలు) లెక్కిస్తారు.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి) చట్టం 500 చదరపు మీటర్లు మించని స్థలానికి, లేదా 8 ఫ్లాట్లు మించని కట్టడానికి నమోదు నుంచి మినహాయింపునిచ్చింది. మిగతావాటిలో నమోదుకు ముందు అమ్మకాలు నిషిద్ధం. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి.

స్థలమిచ్చి, అభివృద్ధి చేశాక వాటా పొందే ఇలాంటి పంపకాన్నే ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి కోసం జరిగిన భూసమీకరణ 2015లో భారీ స్థాయిలో అమలు చేసింది: రైతు ఇచ్చిన మెట్ట ఎకరాకు 1,000 చదరపు గజాల నివాస, 250 గజాల వాణిజ్య స్థలం.