పెన్నీ పన్ను నుంచి కోర్టు మెట్ల దాకా

2011 జనవరిలో ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్ పక్కన స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో గ్రంథాలయం అరలన్నీ ఖాళీ అయిపోయాయి. దొంగలు పడలేదు. ఖర్చు తగ్గించుకోవడానికి స్థానిక కౌన్సిల్ ఆ గ్రంథాలయాన్ని మూసేసేలా ఉందని తెలియగానే, ఒక్కో కార్డు మీద పదిహేను పుస్తకాలు తీసుకోవచ్చన్న నిబంధనను ఊరివాళ్లు అక్షరాలా అమలు చేశారు. పిల్లా పెద్దా వరసగా నిలబడి సంచుల్లో మోసుకుపోగా దాదాపు 16,000 పుస్తకాలు ఇళ్లకు చేరాయి. ఆ గ్రంథాలయం బతికింది. కానీ ఆ దశాబ్దంలో అలా బతికినవాటి పక్కనే బతకనివీ చాలా ఉన్నాయి. 2010 నుంచి ఆరేళ్లలో బ్రిటన్‌లో 343 గ్రంథాలయాలు మూతపడ్డాయనీ, దాదాపు 8,000 ఉద్యోగాలు పోయాయనీ 2016లో బీబీసీ లెక్కతీసింది. ఎందుకు పోయాయంటే సాధారణంగా వచ్చే జవాబులు రెండు: డబ్బు లేదు, జనం చదవడం మానేశారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయినా అసలు సంగతి అంతకంటే పాతది. ఇంగ్లండ్‌లో ప్రజా గ్రంథాలయం ఊరివాళ్లు ఓటు వేసి నెత్తికెత్తుకున్న పన్నుగా పుట్టింది, తర్వాత పైనుంచి వచ్చిన చట్టబాధ్యతగా మారింది. ఆ మార్పును అందరూ ప్రగతి అనే అన్నారు, ప్రగతే కూడా. కాకపోతే ఊరివాళ్ల చేతిలో ఉన్న పగ్గం కాస్తా ఆ దారిలోనే జారిపోయింది. కోతల కాలం వచ్చాక ఉద్యమకారులు ఎక్కడికి వెళ్లి ఏమని అడగాలో తెలియక కోర్టుల చుట్టూ తిరగడానికి కారణం అదే.

ఎంపీ విలియం యూవర్ట్ పట్టుబట్టి తెచ్చిన 1850 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం ఎంత పిసినారి చట్టమో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. జనాభా పదివేలు దాటిన పట్టణాలకే అది వర్తించేది. పన్ను పౌనుకు అరపెన్నీ మించకూడదు. ఆ డబ్బుతో భవనం కట్టుకోవచ్చు, జీతాలు ఇచ్చుకోవచ్చు, పుస్తకాలు మాత్రం కొనకూడదు. పుస్తకాలు దాతలే ఇస్తారని పార్లమెంటు నమ్మకం. తనకు చదువంటేనే గిట్టదని సభలోనే చెప్పుకున్న కర్నల్ సిబ్‌థార్ప్ లాంటి వాళ్లను దాటుకుని రావలసిన బిల్లు కాబట్టి ఆ మాత్రం దక్కడమే గొప్ప. అన్నిటికంటే ముఖ్యమైన షరతు మరొకటి ఉంది. పన్ను కట్టేవాళ్లలో ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. మాంచెస్టర్‌లో అనుకూలంగా 3,962 ఓట్లు, వ్యతిరేకంగా 40 వచ్చాయి. 1852లో అక్కడి గ్రంథాలయం తెరిచినప్పుడు నవలాకారులు డికెన్స్, థాకరే ఇద్దరూ వేదికెక్కారు. థాకరే ప్రసంగం మధ్యలో మాట పెగలక కూర్చుండిపోయాడట. 1855లో పన్ను పెన్నీకి పెరిగింది, పుస్తకాలు కొనే వీలు కూడా వచ్చింది. ఆ తర్వాత యాభై అరవై ఏళ్ల పాటు గ్రంథాలయ ఉద్యమం అంటే ఇదే: ఊరూరా సభ పెట్టడం, కరపత్రాలు పంచడం, ఏడాదికి ఇంటికి ఎంత పడుతుందో లెక్క కట్టి చెప్పడం, ఓడిపోతే మళ్లీ మొదలుపెట్టడం. ఆండ్రూ కార్నెగీ బ్రిటన్, ఐర్లండ్‌లలో 660 గ్రంథాలయాలకు డబ్బిచ్చినా, ఆయన పెట్టిన షరతు కూడా ఆ ఓటునే గుర్తుచేస్తుంది: భవనం నేను కట్టిస్తాను, స్థలం చూపించి, నడపడానికి పన్ను వేసుకుంటామని మీరు మాటివ్వండి.

ఈ పద్ధతిలో పెద్ద లోపం ఉంది, దాన్ని దాచి లాభం లేదు. ఓటు అడిగితే ఒద్దనే హక్కు కూడా జనానికి ఉంటుంది. బాత్ నగరం, లండన్‌లో ఇస్లింగ్టన్ ఒకటికి నాలుగుసార్లు ఒద్దన్నాయి. పన్ను కట్టే స్తోమత ఉన్నవాడికే ఓటు, గ్రంథాలయం అవసరమైన కూలివాడికి ఓటు లేదు. పెన్నీ హద్దు వల్ల చిన్న ఊళ్లలో భవనం నిలబడినా లోపల పుస్తకాలకు డబ్బు మిగిలేది కాదు. అందుకే 1919లో ఆ హద్దు ఎత్తేసి, కౌంటీ కౌన్సిళ్లకు అధికారం ఇచ్చి పల్లెలకు కూడా పుస్తకం చేర్చినప్పుడు అందరూ సంతోషించారు. 1964 నాటి ప్రజా గ్రంథాలయాలు, మ్యూజియముల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని ఏడో సెక్షను ప్రకారం, వాడుకోదలచిన వారందరికీ సమగ్రమైన, సమర్థమైన గ్రంథాలయ సేవ అందించడం కౌన్సిల్ విధి. కౌన్సిల్ ఆ విధి తప్పితే పదో సెక్షను కింద మంత్రి విచారణకు ఆదేశించవచ్చు. కాగితం మీద ఇంతకంటే గట్టి రక్షణ కోరుకోలేం. అయితే ఈ చట్టంలో ఊరివాళ్లకు చోటెక్కడ? ‘సమగ్రం’ అంటే ఎంతో చట్టం చెప్పలేదు. దానికని ప్రత్యేకంగా పన్నూ లేదు. గ్రంథాలయం డబ్బు కౌన్సిల్ ఉమ్మడి ఖజానాలో కలిసిపోయింది. విధి తప్పారని ఫిర్యాదు చేయాలంటే లండన్‌లో మంత్రి దయ కావాలి.

ఆ దయ ఎలాంటిదో వాయవ్య ఇంగ్లండ్‌లోని విరల్ ఉదంతం చెబుతుంది. 2009లో అక్కడి కౌన్సిల్ పదకొండు గ్రంథాలయాలు మూసెయ్యబోతే స్థానికుల ఆందోళన ఫలితంగా మంత్రి ఆండీ బర్నమ్ విచారణ వేశాడు. విచారణ జరిపిన సూ చార్టెరిస్ నివేదిక బయటికి రాకముందే కౌన్సిల్ వెనక్కి తగ్గింది. ఎవరికి ఏం అవసరమో లెక్కచూసుకోకుండానే కౌన్సిల్ మూతకు సిద్ధపడిందని నివేదిక తేల్చింది. అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న ఎడ్ వేజీ, విచారణ వేయకముందు బర్నమ్ జోక్యం చేసుకోవడం లేదని గట్టిగా విమర్శించినవాళ్లలో ఒకడు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారింది, గ్రంథాలయాల బాధ్యత ఆ వేజీ చేతికే వచ్చింది. కౌన్సిళ్లకు కేంద్రం ఇచ్చే నిధులు విపరీతంగా కోసేసిన ఆ దశాబ్దంలో పదో సెక్షను కింద ఒక్క విచారణకూ ఆదేశం వెలువడలేదు.

మిగిలింది కోర్టు. అక్కడ ఉద్యమకారులు గెలిచిన తీరును జాగ్రత్తగా చూడాలి. 2011 నవంబరులో గ్లోస్టర్‌షైర్, సోమర్‌సెట్ కౌన్సిళ్ల నిర్ణయాలను హైకోర్టు కొట్టేసింది. పత్రికలు గ్రంథాలయాల విజయమని రాశాయి. నిజానికి గ్రంథాలయ చట్టం కింద వేసిన వాదన వీగిపోయింది. వికలాంగులు, స్త్రీలు, వృద్ధుల మీద ఈ కోత ఎలా పడుతుందో కౌన్సిళ్లు సరిగ్గా ఆలోచించలేదన్న సమానత్వ చట్టపు వాదనే నిలబడింది. లింకన్‌షైర్‌లో 2014లో గెలిచింది కూడా ప్రధానంగా సంప్రదింపులు సక్రమంగా జరగలేదన్న పాయింటు మీదే. కౌన్సిల్ మళ్లీ సక్రమంగా సంప్రదించి, దాదాపు అదే పని చేసింది. రెండోసారి కోర్టుకెళితే ఓటమే మిగిలింది. నార్తాంప్టన్‌షైర్ కథ ఇంకా విచిత్రం. 2018 ఫిబ్రవరిలో కౌన్సిలే ఖజానా ఖాళీ అని ప్రకటించుకుంది, 21 గ్రంథాలయాలు మూసేస్తామంది, ఆగస్టులో హైకోర్టు ఆ నిర్ణయం చెల్లదంది, మూడేళ్లు తిరగకుండా ఆ కౌన్సిలే రద్దయింది. కోర్టు అడిగేది ఎలా నిర్ణయించారని మాత్రమే. ఏం నిర్ణయించారన్నది దాదాపుగా అడగదు. కాబట్టి ఈ గెలుపుల్లో చాలావాటి విలువ వాయిదా విలువే. వాయిదా కూడా చిన్న విషయం కాదనుకోండి. ఎన్నికలు మారతాయి, మనసులు మారతాయి.

బ్రెంట్‌లో ఆ వాయిదా కూడా దక్కలేదు. వాయవ్య లండన్‌లో వెంబ్లీ ఉన్న ఆ ప్రాంతంలో భారతీయ మూలాలవాళ్లు ఎక్కువ. గ్రంథాలయాలను వాళ్లే ఎక్కువగా వాడుతున్నారు కనుక మూత వాళ్ల మీద అన్యాయంగా పడుతుందని కూడా అక్కడి ఉద్యమకారులు వాదించారు. 2011 అక్టోబరులో హైకోర్టు ఒప్పుకోలేదు, డిసెంబరులో అప్పీలు కోర్టూ ఒప్పుకోలేదు. ఉన్న పన్నెండులో ఆరు గ్రంథాలయాలు మూతపడ్డాయి. వాటిలో ఒకటైన కెన్సల్ రైజ్‌ను 1900లో మార్క్ ట్వేన్ తెరిచాడు. ఊరివాళ్లు రాత్రీ పగలూ బయట కాపలా కాశారు. 2012 మే నెలలో ఒకనాడు తెల్లవారకముందే కౌన్సిల్ మనుషులు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చి పుస్తకాలు, బల్లలు, చివరికి ట్వేన్ పేరున్న ఫలకం సైతం ఎత్తుకుపోయారు. అప్పుడు ఊరివాళ్లకు అండ దొరికింది 1964 చట్టంలో కాదు, ఒక పాత దస్తావేజులో. ఆ స్థలం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆల్ సోల్స్ కాలేజీ ఇచ్చింది. గ్రంథాలయంగా వాడకపోతే తిరిగి కాలేజీకే చెందాలని రాసుకున్నారు. కాలేజీతో, తర్వాత భవనం కొన్న బిల్డరుతో ఏళ్ల తరబడి బేరాలాడగా, పైన ఫ్లాట్లు, కింద కొంత భాగంలో ఊరివాళ్లు నడిపే గ్రంథాలయం అన్న ఒప్పందం కుదిరి, అది 2019లో తెరుచుకుంది. నూటపదేళ్ల కిందటి దాత రాసిన షరతుకు ఉన్న పదును, పార్లమెంటు రాసిన విధికి లేకపోయింది.

ఇక్కడ ఎదురుప్రశ్న న్యాయమైనదే వస్తుంది. డబ్బు నిజంగా లేనప్పుడు, ముసలివాళ్ల సంరక్షణకూ దిక్కులేని పిల్లల రక్షణకూ కోత పెట్టి పుస్తకాలకు ఇమ్మంటారా? ఎవరూ అలా అనరు. కానీ కౌన్సిల్ బడ్జెట్లో గ్రంథాలయాల వాటా చాలా స్వల్పం. దాన్ని మొత్తంగా ఎత్తేసినా సంరక్షణ ఖర్చు గొయ్యి పూడదు. పాఠకులు తగ్గారన్న వాదనలో సగం కౌన్సిళ్లే సృష్టించుకున్నది: వేళలు తగ్గించి, కొత్త పుస్తకాలు కొనడం ఆపి, ఆ తర్వాత జనం రావడం లేదని లెక్క చూపించారు. ఇక, ఓటుకు పెడితే జనమే ఒద్దంటారు కదా అన్న అనుమానానికి అమెరికాలో ఒక జవాబుంది. మనవాళ్లు బాగానే స్థిరపడ్డ డెట్రాయిట్ శివారు ట్రాయ్‌లో 2010లో గ్రంథాలయ పన్ను ప్రతిపాదనలు ఓడిపోయాయి. 2011 ఆగస్టులో మళ్లీ ఓటు పెట్టారు. పన్ను ఓడిపోతే పుస్తకాలు తగలబెట్టే పండగ చేసుకుందామంటూ గ్రంథాలయం పక్షాన ఉన్నవాళ్లే వెక్కిరింపు బోర్డులు పెట్టారు. జనం ఉలిక్కిపడ్డారు, పన్ను గెలిచింది. ఎత్తుగడ నాకంత రుచించదు. కానీ ఆ ఊరివాళ్ల కోపానికి వెళ్లడానికి పోలింగు కేంద్రం ఉంది. బ్రెంట్‌వాళ్ల కోపానికి లాయరు ఫీజు తప్ప మరో దారి లేదు.

స్వచ్ఛంద సేవకులు నడుపుకుంటే పోదా అనేది మరో మాట. బీబీసీ లెక్కలో అదే ఆరేళ్లకు కొత్తగా చేరిన వాలంటీర్లు 15,500 మంది. తెలుగువాళ్లకు ఈ మాట ఇంకా ఆకర్షణీయంగా వినిపించాలి, ఎందుకంటే మన గ్రంథాలయాలు పుట్టిందే అలా. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం, 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో నడిపించిన పడవ గ్రంథాలయం, ఏదీ ప్రభుత్వం పెట్టింది కాదు. అయితే 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు కూడగట్టిన గ్రంథాలయ ఉద్యమమే తర్వాత చట్టం కావాలని, పన్ను కావాలని అడిగింది. దాతల ఉత్సాహం ఒక తరం దాటి నిలవదని వాళ్లకు అనుభవం మీద తెలుసు. లండన్‌లో చదువుకుని, అక్కడి గ్రంథాలయాలు నడిచే తీరు దగ్గరుండి చూసి వచ్చిన ఎస్. ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. ఇంగ్లండ్ పాత ప్రత్యేక పన్ను పద్ధతిని ఆ చట్టం చేపట్టింది. ఆంధ్రప్రదేశ్ 1960 చట్టం దాన్నే కొనసాగించింది. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు.

అంటే ఇంగ్లండ్‌కు లేని రక్షణ మనకుంది. మరి మన గ్రంథాలయాలు కళకళలాడాలి కదా? మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు సెస్సు వసూలు చేస్తాయి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయడం దగ్గర మాత్రం ఏళ్లకేళ్లు బకాయి పెడతాయి. సంస్థ అధ్యక్షుడు ప్రభుత్వం నామినేట్ చేసినవాడు, ప్రభుత్వం మారితే మారేవాడు. మున్సిపాలిటీని నిలదీసే బలం అతనికి ఎక్కడిది? పన్ను కట్టినవాడి పేరు ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు. ఇంగ్లండ్‌లో విధి ఉండి పన్ను లేకపోయింది, ఇక్కడ పన్ను ఉండి అడిగేవాడు లేకపోయాడు. అక్కడి ఉద్యమకారులు మొదటినుంచీ చేసిన ఒక పని ఇక్కడా చేయవచ్చు. సమాచార స్వేచ్ఛ చట్టం కింద దరఖాస్తు పెట్టి కౌన్సిల్ కాగితాలు బయటికి లాగారు, ఆ కాగితాలే తర్వాత కోర్టులో ఆయుధాలయ్యాయి. మనకు 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. ఫలానా మున్సిపాలిటీ గత పదేళ్లలో ఏటా ఎంత గ్రంథాలయ సెస్సు వసూలు చేసింది, ఎంత జమ చేసింది, బకాయి ఎంత అన్న మూడు ప్రశ్నలకు పది రూపాయల దరఖాస్తు చాలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాల్సిన పూచీ ఆ ఆఫీసుదే.