మూడు ఆటలు, మూడు తలుపులు

నలభై ఏడేళ్ళ వయసులో మొదటిసారి ఈతకొలను మెట్లు దిగిన రోజు నీళ్ళని చూసి భయపడలేదు నేను. నా పిక్కల్ని చూసుకుని సిగ్గుపడ్డాను. ఊహ తెలిసినప్పటినుంచీ లంగాలోనో, చీరలోనో, సల్వార్‌లోనో దాగున్న కాళ్ళు పట్టపగలు పదిమంది మధ్య బయటపడ్డాయి. అక్కడున్న పదిమందీ ఆడవాళ్ళే. అయినా తువ్వాలు వదలడానికి అయిదు నిమిషాలు పట్టింది.

మా ఆఫీసులో ఒక కుర్రాడు ట్రయథ్లాన్ పూర్తిచేసి పతకం తెచ్చి చూపించాడు. ఈత, సైకిలు, పరుగు... ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకుండా. అందరం మెచ్చుకున్నాం. నేనూ నేర్చుకోవచ్చా అని అడిగితే నవ్వి, "మీకెందుకు మేడమ్, వాకింగ్ చేసుకోండి చాలు" అన్నాడు. చెడ్డవాడేం కాదు. నా మంచికే చెప్పాడు. కానీ ఆ "చాలు" అనే మాట చాలాకాలం చెవిలో ఉండిపోయింది. మనకి ఎంత చాలో ఎప్పుడూ ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు కదా!

కొత్తవాళ్ళ కోసం చిన్న దూరాల పోటీ ఉంటుందని తెలిసింది. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. దీన్ని స్ప్రింట్ అంటారు. ఈ మూడింట్లో ఒక్కటీ నాకు రాదు. ఎందుకు రాదు అని ఆలోచిస్తే ఇది నా ఒక్కదాని కథ కాదని అర్థమయింది. మూడు ఆటలకీ మూడు తలుపులున్నాయి. మూడూ ఆడవాళ్ళకి మూసే ఉంచారు.

మొదటిది నీళ్ళు.

మా అమ్మది కోనసీమ. ఇంటి ముందే కాలవ. చిన్నప్పుడు అన్నదమ్ములతోపాటు అరటి బోదె పట్టుకుని ఈత నేర్చుకుంది. పెద్దమనిషయిన రోజు నుంచి కాలవ దగ్గరికి బిందె పట్టుకుని మాత్రమే వెళ్ళింది. ఈత వచ్చిన మా అమ్మ, ఈత రాని నన్ను పెంచింది. "నీళ్ళ దగ్గరికి వెళ్ళకు" అన్నది మా ఇంట్లో ఆడపిల్లలకి చెప్పే మొదటి జాగ్రత్త. ఈత నేర్పితే ఆ జాగ్రత్త అక్కర్లేదని ఎవరికీ తోచలేదు.

ప్రపంచమంతా ఇదే తంతు. 1896లో మొదలైన ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళని ఈతకి రానిచ్చింది 1912లో, స్టాక్‌హోమ్‌లో. ఆస్ట్రేలియా అమ్మాయి ఫానీ డ్యురాక్ ఆ మొదటి స్వర్ణం గెలిచింది. ఆమెని అడ్డుకున్నది మగవాళ్ళే కాదు. మగవాళ్ళు చూస్తున్నచోట ఆడవాళ్ళు ఈదకూడదని నియమం పెట్టుకున్నది అక్కడి మహిళల ఈత సంఘమే. 1926లో గెర్ట్రూడ్ ఎడెర్లే పద్నాలుగున్నర గంటల్లో ఇంగ్లీషు ఛానెల్ ఈదింది. అంతకుముందు దాన్ని దాటిన మగవాళ్ళు అయిదుగురే. అయిదుగురికన్నా ఆమెకి పట్టిన సమయమే తక్కువ.

మన ఆరతీ సాహా 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్ళేనాటికి పదకొండేళ్ళ పిల్ల. 1959 ఆగస్టులో ఛానెల్ ఈదబోయి, ఒడ్డు దగ్గరపడ్డాక ఎదురు ప్రవాహం వల్ల ఆగిపోయింది. మళ్ళీ సెప్టెంబర్ 29న దిగింది. 16 గంటల 20 నిమిషాలు ఈది అవతలి ఒడ్డు చేరింది. ఆ ఛానెల్ ఈదిన మొదటి ఆసియా మహిళ ఆమే. బడిలో జనరల్ నాలెడ్జి కోసం ఆ పేరు బట్టీపట్టాను. ఈత కూడా నేర్చుకోవచ్చని ఆ పాఠం చెప్పలేదు.

ఈత రాకపోతే పతకాలు పోతాయి, అంతేనా? 2004 డిసెంబర్ సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. తమిళనాడులోని కడలూరులో చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళు 391 మంది, మగవాళ్ళు 146 మంది. కారణాలు చాలా ఉన్నాయి. చాలామంది మగవాళ్ళు ఆ వేళ సముద్రం లోపల పడవల మీద ఉన్నారు. ఆడవాళ్ళు ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తూనో, ఇళ్ళల్లో పిల్లల్ని చూసుకుంటూనో ఉన్నారు. మగపిల్లలకి నేర్పినట్టు ఆడపిల్లలకి ఈతా, చెట్లెక్కడం నేర్పకపోవడం కూడా సునామీ ప్రాంతాల్లో ఒక కారణమని ఆ నివేదిక చెప్పింది. ఆ అంకెలు చదివాక ఈతని సరదా అనుకోలేకపోయాను.

మా కొలనులో ఆడవాళ్ళ బ్యాచ్ పదకొండు నుంచి పన్నెండు దాకా. ఉద్యోగం చేసే ఆడది పదకొండింటికి ఈతకెలా వస్తుందని అడిగితే, పొద్దున్నా సాయంత్రం "జనరల్" అన్నారు. జనరల్ అంటే మగవాళ్ళని అర్థం చేసుకోవాలి. శని, ఆదివారాలతో, అప్పుడప్పుడూ అరపూట సెలవులతో సర్దుకున్నాను. మొదటి నెలంతా నేర్చుకున్నది ఒక్కటే... నీళ్ళలో ముఖం పెట్టి గాలి వదలడం. మనం మునుగుతామన్న భయంతో గాలి బిగపడతాం. బిగపట్టిన కొద్దీ ఆయాసం పెరుగుతుంది. వదిలితేనే మళ్ళీ పీల్చుకోవడానికి చోటు.

రెండోది చక్రం.

అమెరికాలో 1890ల్లో ఆడవాళ్ళు సైకిలెక్కితే వైద్యులు కొందరు "సైకిలు ముఖం" అని ఒక జబ్బు కనిపెట్టారు. బిగుసుకున్న దవడలు, గుంటలు పడ్డ కళ్ళు దాని లక్షణాలట. ఓటుహక్కు కోసం పోరాడిన సుసాన్ బి. ఆంథొనీ మాత్రం 1896లో, స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు ఇంకేదీ చెయ్యలేదని అంది. మద్యపాన వ్యతిరేక ఉద్యమ నాయకురాలు ఫ్రాన్సెస్ విల్లార్డ్ యాభై మూడేళ్ళ వయసులో సైకిలు నేర్చుకుని, 1895లో దానిమీద ఒక పుస్తకమే రాసింది. యాభై మూడు! ఆ అంకె చూసి నా నలభై ఏడు కాస్త తేలికపడింది.

అంతదూరం ఎందుకు, మన పక్క రాష్ట్రంలోనే ఇంతకన్నా పెద్ద చరిత్ర ఉంది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాదిమంది పేద స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణీ చుంకత్ చదువుతోపాటు కదలిక కూడా ఉండాలని పట్టుబట్టింది. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళమీదే నేర్చుకున్నారు. ముందు కడ్డీమీద పిల్లని కూచోబెట్టుకోవచ్చు కాబట్టి అవే నయమన్నారని పి. సాయినాథ్ రాశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. అక్కడ చదువు సైకిలెక్కింది, ఇక్కడ సారా మీద తిరగబడింది. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళివ్వడం మొదలుపెట్టాక హైస్కూలు మెట్టెక్కే పిల్లల సంఖ్య పెరిగింది.

నేను మాత్రం మా అన్నయ్య సైకిలు వెనక కేరేజీ మీద కూచునే పెరిగాను. ఈ వయసులో మా కాలనీ పార్కు చుట్టూ పడుతూ లేస్తూ నేర్చుకుంటుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. మోచేయి దోక్కుపోయింది. పెద్దవాళ్ళం పడితే పిల్లలకన్నా ఎక్కువ నొప్పి పుడుతుంది. సగం నొప్పి చూసేవాళ్ళ వల్ల.

మూడోది దారి.

పరుగు కథ మరీ విచిత్రం. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్లో తొమ్మిదిమంది పరిగెత్తారు, తొమ్మిదిమందీ పూర్తిచేశారు. మొదటి ముగ్గురూ అప్పటి ప్రపంచ రికార్డుని దాటారు. గెలిచింది జర్మనీకి చెందిన లీనా రాడ్కే, రెండో స్థానం జపాన్ అమ్మాయి కినుయె హితోమిది. కానీ పత్రికలు ఏం రాశాయి? సగం మంది దారిలోనే కుప్పకూలారని రాశాయి! ఆ అబద్ధం ఆసరాతో ఆ పోటీ తీసేశారు. మళ్ళీ 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 200 మీటర్లు మించిన పరుగు లేదు. పరిగెత్తి అలిసిపోయిన మగవాడు వీరుడు, అలిసిపోయిన ఆడది అబల.

1967లో బోస్టన్ మారథాన్‌లో కాథరిన్ స్విట్జర్ పరిగెడుతుంటే నిర్వాహకుడు ఒకాయన రోడ్డుమీదకొచ్చి ఆమె నంబరు చీటీ పీకెయ్యబోయాడు. ఆమె ఆగలేదు, చివరిదాకా పరిగెత్తింది. ఆ పోటీలోకి ఆడవాళ్ళని అధికారికంగా రానిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ పెట్టింది 1984లో.

నా నంబరు ఎవరూ పీకలేదు. పీకాల్సిన అవసరమే లేదు. పొద్దున్న అయిదింటికి చీకట్లో పరిగెత్తాలంటే ముందు ఏ వీధిలో లైట్లున్నాయి, ఏ మలుపులో కుర్రాళ్ళ గుంపు ఉంటుంది అని లెక్క వేసుకోవాలి. నా వెనక నంబరు పీకేవాడు నా లోపలే ఉన్నాడు.

ఈ మూడూ కలిపి ట్రయథ్లాన్ అన్న పేరుతో పోటీ పెట్టింది 1974 సెప్టెంబర్ 25న, అమెరికాలోని శాన్‌డియాగోలో. 46 మంది పాల్గొన్నారు. వాళ్ళలో జూడీ కాలిన్స్, ఆమె భర్త జాన్ ఉన్నారు. తర్వాత హవాయిలో 1978లో మొదలైన ఐరన్‌మ్యాన్ అనే పెద్ద దూరాల పోటీ వెనక ఉన్నది ఈ ఇద్దరూ. చాలాకాలం ఆయన పేరే వినపడింది. పేరే "ఉక్కుమనిషి" కదా, మనిషి అంటే మగమనిషే. మొదటి ఏడు దిగిన పదిహేనుమందీ మగవాళ్ళే. మరుసటి ఏడు లిన్ లెమేర్ ఒక్కతే ఆడది. మొత్తంలో అయిదో స్థానంలో వచ్చింది.

ట్రయథ్లాన్ ఒలింపిక్స్‌కి వచ్చింది 2000లో, సిడ్నీలో. ఇక్కడ మాత్రం ఆడవాళ్ళకి వందేళ్ళు ఎదురుచూసే పని పడలేదు. సెప్టెంబర్ 16న మహిళల పోటీయే ముందు జరిగింది, మగవాళ్ళది మర్నాడు. స్విట్జర్లాండ్‌కి చెందిన బ్రిజిట్ మక్‌మాన్ గెలిచింది. మూడురోజుల తర్వాత అదే సిడ్నీలో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. టీవీ ముందు మేమందరం ఏడ్చాం. నేనూ ఏడ్చాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ ఏడ్చిన నేనే, కొన్నేళ్ళ తర్వాత, పన్నెండేళ్ళ నా కూతురు వేసవి సెలవుల్లో ఈత నేర్చుకుంటానంటే మాన్పించాను. ఎండకి నల్లబడిపోతావన్నాను. ఆ బట్టలేమిటన్నాను. ఆస్ట్రేలియాలో ఆడవాళ్ళ సంఘం పెట్టిన నియమం నా వంటింట్లోనూ ఉంది. పెట్టింది నేనే.

వారానికి అయిదారు గంటల సాధన చాలు కొత్తవాళ్ళకి. 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు ఆ పనిమీద పెడుతున్నారని తేలింది. అంటే నాకు వారం మొత్తానికి కావలసిన సమయం ఒక్కరోజు ఇంటిపనంత. అది అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆదివారం పొద్దున్న టిఫినూ కాఫీ మా ఆయన చూస్తాడు. ఉప్మా ఉండలు కడుతుంది. తింటాం.

సైకిలు దిగి వెంటనే పరిగెడితే కాళ్ళు మనవి కావనిపిస్తుంది, కర్రల్లా ఉంటాయి. పది నిమిషాలకి మళ్ళీ మనవవుతాయి. ఈ పది నిమిషాలు ఓర్చుకోవడమే ఈ ఆటలో నేర్చుకోవాల్సినది. గత నెలలో మూడు దూరాలూ ఒకేరోజు పూర్తిచేశాను. పోటీలో కాదు, నా అంతట నేనే. రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది.

ఆరోజు కొలను గట్టుమీద మా అమ్మ కూచుంది. డెబ్బై నాలుగేళ్ళు. కాసేపు చూసి, "ఏవే, నీళ్ళతో కొట్లాడతావేం? మోకాళ్ళు కాదు, తొడ దగ్గరనుంచి కదపాలి కాళ్ళు" అంది. అరవయ్యేళ్ళుగా నీళ్ళలో దిగని మనిషి ఏదీ మర్చిపోలేదు.

ఆ రాత్రి మా అమ్మాయికి ఫోన్ చేశాను. వేరే ఊళ్ళో ఉద్యోగం. ఆ వేసవి సంగతి ఎత్తి, తప్పు చేశానన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకింకా ఈత రాదమ్మా" అంది.

సంక్రాంతికి వస్తానంది. పదకొండు నుంచి పన్నెండు దాకా ఆడవాళ్ళ బ్యాచ్. ముగ్గురికీ చీటీలు తీసుకోవాలి.