భూగర్భజలాల వయస్సు: అణుశాస్త్రం అందించిన సాక్ష్యం

ఒక బోరుబావి నుంచి వచ్చే నీరు నిరుడు కురిసిన వానదా, వేల సంవత్సరాల నాటిదా? నిరుటి వానదైతే మళ్ళీ వానపడినప్పుడు ఆ లోటు భర్తీ అవుతుంది. వేల సంవత్సరాల నాటిదైతే తోడిన నీరు తిరిగి రాదు. నీటిని చూసి, రుచి చూసి ఈ తేడా చెప్పలేం. దీన్ని చెప్పగల పద్ధతి 20వ శతాబ్దంలో ఎలా రూపొందిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

బాంబు మిగిల్చిన గుర్తు

హైడ్రోజన్‌కు ట్రిటియం అనే రేడియోధార్మిక ఐసోటోపు ఉంది. దాని అర్ధాయువు 12.3 సంవత్సరాలు, అంటే అంత కాలంలో దాని పరిమాణం సగానికి తగ్గుతుంది. ప్రకృతిలో ఇది అతి స్వల్పంగా ఏర్పడుతుంది. అయితే 1950లలో మొదలైన హైడ్రోజన్ బాంబు పరీక్షలు దీన్ని భారీగా వాతావరణంలోకి వదిలాయి. అది వాననీటితో కలిసి నేలలోకి ఇంకింది. ఉత్తరార్ధగోళంలో ఈ పరిమాణం 1963లో గరిష్ఠ స్థాయికి చేరింది. అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్‌లు వాతావరణంలో అణుపరీక్షలను నిషేధించే ఒప్పందం చేసుకొన్నదీ ఆ సంవత్సరమే.

వినాశం కోసం చేసిన పరీక్షలు ఈ విధంగా నీటికి కాలముద్ర వేశాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి 1961 నుంచి వివిధ దేశాల వాననీటిలో ఐసోటోపులను నమోదు చేయసాగాయి. భూగర్భజలంలో బాంబు ట్రిటియం కనిపిస్తే అందులో కొంతైనా ఆ పరీక్షల తరవాత ఇంకిన నీరని అర్థం. అంతకంటే చాలా పాత నీటికి 5,730 సంవత్సరాల అర్ధాయువు గల కార్బన్-14 ఉపయోగపడుతుంది.

సహారా అడుగున

ఈజిప్టు, లిబియా, సూడాన్, చాద్ దేశాల కింద నూబియన్ ఇసుకరాతి జలాశయం విస్తరించి ఉంది. అందులోని నీటిలో చాలా భాగం సహారాలో వానలు కురిసిన ప్రాచీన యుగాలదని ఐసోటోపులు తేల్చాయి. ఈజిప్టు పశ్చిమ ఎడారిలోని కొన్ని బావుల నీటి వయస్సు సుమారు 10 లక్షల సంవత్సరాల వరకు ఉందని 2004లో ప్రచురితమైన క్రిప్టాన్-81 పరిశోధన చూపింది. ఇక్కడ తోడే నీరు వడ్డీ కాదు, అసలు. ఉమ్మడి అసలును ఎవరికి వారు ఖర్చు చేస్తే నలుగురికీ నష్టమే. అందుకే 2013లో ఆ నాలుగు దేశాలు ఉమ్మడి కార్యాచరణ ప్రణాళికపై సంతకాలు చేశాయి.

మన దగ్గర

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ట్రిటియాన్ని మరో విధంగా వాడింది. వర్షాకాలానికి ముందు స్వల్ప మోతాదులో నేలలోకి ఎక్కించి, వానలు వెలిసిన తరవాత అది ఎంత లోతుకు దిగిందో కొలిచింది. ఆ కొలత నుంచి ఆ ఏడాది ఎంత వాన భూమిలోకి ఇంకిందో లెక్కకట్టింది. దేశంలోని అనేక ప్రాంతాలలో ఈ పరీక్షలు జరిగాయి.

ఒక విషయం గుర్తుంచుకోండి. ఐసోటోపులు నీటి వయస్సును, ఇంకే పరిమాణాన్ని మాత్రమే తెలుపుతాయి. ఎంత తోడాలి, ఎవరికి ఎంత వాటా అన్నవి సమాజం, ప్రభుత్వాలు తీసుకోవలసిన నిర్ణయాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భూగర్భజలాల వయస్సు నిర్ణయానికి బాంబు పరీక్షల ట్రిటియం ఎట్లా తోడ్పడింది?
2. నూబియన్ జలాశయం విషయంలో నాలుగు దేశాల సహకారం ఎందుకు అవసరమైంది?