పాత బుల్లెట్టు: కొనదగినదా, విడువదగినదా?

విశాఖపట్నం నుండి అరకులోయకు పోయే దారి సుమారు 115 కిలోమీటర్లు. సముద్రతీరంలో బయలుదేరిన వాహనం అనంతగిరి కనుమల మలుపులు దాటి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు చేరుకుంటుంది. ముప్పయి, నలభై ఏండ్లనాటి బుల్లెట్టు మోటారు సైకిళ్ళు ఈ దారిలో నేటికీ గంభీరమైన చప్పుడుతో ఎక్కుతూ కనిపిస్తాయి. దూరప్రయాణాలపై మోజున్న యువకునికి అటువంటి బండి తక్కువ ధరకు దొరికిందంటే మనస్సు ఊగుతుంది. కొని బాగుచేయించటమా? లేక ఆ డబ్బును కొత్త బండికి దాచుకోవటమా? ఇంటిలోని పెద్దలు "అది పాత ఇనుము" అని తీసిపారేస్తారు. మెకానిక్కు "అటువంటి ఇనుము ఇప్పుడెక్కడ వస్తుంది?" అంటాడు. ఇద్దరి మాటలలోను కొంత నిజం ఉన్నది. ఎవరి మాట ఏ బండికి వర్తిస్తుందో తేల్చాలంటే ఆ యంత్రం చరిత్రను, అది వార్ధక్యం పొందే తీరును తెలుసుకోవాలి.

రెడ్డిచ్ నుండి తిరువొత్తియూరుకు

ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1901లో మొదటి మోటారు సైకిలును తయారుచేసింది. 'బుల్లెట్' అనే పేరు 1932లో పుట్టింది. అయితే నేడు మనం ఎరిగిన బుల్లెట్టుకు మూలం రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన నమూనా. దానిలో వెనుక చక్రాన్ని ఊగే చేతికి అమర్చి స్ప్రింగులతో నిలబెట్టారు. అందువలన గతుకుల బాటలో చక్రం నేలను విడువక సాగగలిగింది. 1949 నాటికి మద్రాసు మోటార్స్ అనే సంస్థ ఈ బండ్లను మన దేశానికి దిగుమతి చేయసాగింది. సరిహద్దులలో తిరుగుటకు గట్టి వాహనం కావలసిన భారత సైన్యం వీటిని ఎన్నుకొన్నది.

1955లో రెడ్డిచ్ సంస్థ, మద్రాసు మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. మద్రాసు శివారులోని తిరువొత్తియూరులో కర్మాగారం లేచింది. మొదట ఇంగ్లండు నుండి భాగాలు పెట్టెలలో వచ్చేవి. ఇక్కడ వాటిని కూర్చేవారు. 1956లో ఆ విధంగా తయారైన బండ్లు 163 మాత్రమే. క్రమంగా అచ్చులు, పనిముట్లు ఇక్కడికి చేరి, భాగాలన్నీ ఇక్కడే తయారుకాసాగాయి. ఇంతలో మాతృసంస్థ క్షీణించింది. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. ఇంగ్లండులో మిగిలిన ఉత్పత్తి కూడా 1970లో ఆగిపోయింది. పుట్టినచోట నశించిన యంత్రం మద్రాసులో బ్రతికింది. 1977లో ఇక్కడి బుల్లెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయినాయి! పోత ఇనుప సిలిండరు గల ఆ పాత ఇంజను, చిన్నచిన్న మార్పులతో సుమారు 2010 వరకు మన దేశంలో తయారవుతూ వచ్చింది.

విడిభాగమే ఆయుస్సు

ఈ చరిత్ర వలన కొనుగోలుదారునికి కలిగే లాభమేమిటి? ఒక నమూనా అర్ధశతాబ్దం పాటు పెద్దగా మారకుండా తయారైతే దాని విడిభాగాలు, దానిని విప్పి బిగించటం తెలిసిన చేతులు ఊరూరా మిగులుతాయి. ఈ అదృష్టం అన్ని బండ్లకు పట్టలేదు. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961 నుండి జావా బండ్లను, 1973 నుండి యెజ్డీ పేరు గల బండ్లను తయారుచేసి, 1996లో మూతపడింది. ఆ బండ్లను ప్రేమించేవారు నేటికీ ఉన్నారు. కాని అసలైన భాగం కోసం వారు పడే శ్రమ ఎక్కువ.

విడిభాగం విలువ ఎంతటిదో చెప్పే సాక్షి విశాఖ సముద్రపుటొడ్డునే ఉన్నది. రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సురా జలాంతర్గామి 1969 డిసెంబరు 18న నౌకాదళంలో చేరింది. విడిభాగాలు దొరకని కాలంలో దానిని పక్కన పెట్టి, దాని భాగాలను తీసి ఇతర జలాంతర్గాములకు వాడవలసివచ్చింది. 1980–82 మధ్య సమగ్రమైన మరమ్మతు జరిగిన తరువాత అది మళ్ళీ కొలువులోకి వచ్చింది. చివరకు 2001 ఫిబ్రవరి 27న విరమించి, 2002లో ప్రదర్శనశాల అయినది. భాగాలు పోగొట్టుకొన్న యంత్రం కూడా, అవి తిరిగి దొరికితే, ప్రాణం పోసుకొంటుందని ఈ ఉదంతం తెలుపుతుంది.

అరుగుదల వేరు, తుప్పు వేరు

యంత్రానికి వచ్చే ముసలితనం రెండు రకాలు. మొదటిది అరుగుదల. బుల్లెట్టు సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు. పిస్టన్ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణానికి బడిలో నేర్చిన సూత్రాన్ని ఉపయోగిస్తే 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. దీనినే వాడుకలో '350 సీసీ' అంటారు. వేల కిలోమీటర్లు తిరిగిన తరువాత సిలిండరు గోడ అరిగి, గుండ్రదనం తప్పి, నూనె పైకి చేరి నీలిపొగ వస్తుంది. అప్పుడు గోడను సమంగా చెక్కి, అందుకు తగిన పెద్ద పిస్టన్ వేస్తారు. వ్యాసం అర మిల్లీమీటరు పెరిగితే ఘనపరిమాణం 351 ఘన సెంటీమీటర్లకు చేరుతుంది. మార్పు స్వల్పమే, ఇంజను మాత్రం కొత్తదివలె పనిచేస్తుంది. బేరింగులు, వాల్వులు, గొలుసు, పళ్ళచక్రాలు కూడా ఇటువంటివే. అరిగినవాటిని మార్చవచ్చు.

రెండవది తుప్పు. విశాఖ వంటి రేవుపట్టణంలో ఇదే ప్రధాన శత్రువు. ఇనుము, నీరు, ఆక్సిజను కలిసినచోట చిన్న విద్యుత్ ఘటం వంటిది ఏర్పడుతుంది. ఉప్పుగాలిలోని క్లోరైడు అయానులు తడిపొరను మంచి విద్యుద్వాహకంగా మార్చి, లోహాన్ని కాపాడే పలుచని పొరను చీల్చుతాయి. అందుచేతనే సముద్రానికి ఎదురుగా ఉంచిన బండి లోతట్టు ఊరి బండికంటె త్వరగా చెడుతుంది. మడ్‌గార్డుకు పట్టిన తుప్పు కంటికి కనబడుతుంది, దానిని మార్చటమూ సులభమే. బండికి వెన్నెముక వంటి ఫ్రేము గొట్టాల సంగతి వేరు. వాటి లోపల చేరిన తడి ఏండ్ల తరబడి గోడను తింటూపోతే పైన వేసిన నిగనిగలాడే రంగు దానిని దాచివేస్తుంది. కనుక చూపరి ముందుగా ఫ్రేము అతుకులను, అడుగుభాగాన్ని పరీక్షించాలి. చిన్న సుత్తితో మెల్లగా తట్టి, మోత తేడాగా ఉన్నచోట రంగు గీకి చూడాలి.

కనుమ దిగేటప్పుడు

దూరప్రయాణానికి వాడదలచిన బండి విషయంలో బ్రేకులు ప్రాణంతో సమానం. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిసి 300 కిలోలనుకొందాం. 900 మీటర్ల ఎత్తునుండి దిగేటప్పుడు వదిలే స్థితిజశక్తి సుమారు 26 లక్షల జౌళ్ళు. అంటే ఎనిమిది లీటర్ల నీటిని మరిగించగల శక్తి! దీనిలో కొంత గాలి నిరోధానికి, కొంత ఇంజను ఘర్షణకు పోతుంది. మిగిలినదంతా బ్రేకులలో వేడిగా మారాలి. పాత బుల్లెట్లకు ఉండేవి డ్రమ్ము బ్రేకులు. మూసిన డ్రమ్ములో వేడి త్వరగా బయటకు పోదు. అతిగా వేడెక్కితే బ్రేకు పట్టు సడలుతుంది. తక్కువ గేరులో దిగి, ఇంజనునే బ్రేకుగా వాడుకోవటం తెలిసినవారికే ఈ బండి తగును. బాగుచేయించే ఖర్చులో మొదటి వాటా రంగుకు, మెరుగుకు కాక బ్రేకులకు, టైర్లకు చెందాలి.

చట్టం, పొగ

మోటారు వాహనాల చట్టం (1988) ప్రకారం సొంతవాహనపు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకోవాలి. యాభై ఏండ్లు దాటి మూలరూపంలో ఉన్న బండ్లకు 2021లో ప్రత్యేకమైన నిబంధనలు వచ్చాయి. ఆ విధంగా నమోదైన బండిని నిత్యం రోడ్డుపై తిప్పరాదు. ఏది ఏమైనా, ఇంజను నంబరు, ఫ్రేము నంబరు కాగితాలతో సరిపోలని బండి ఎంత చౌకైనా కొనరాదు.

మరొక మాటను కూడా దాచరాదు. 2020 నుండి తయారైన బండ్లు భారత్ స్టేజ్ 6 ప్రమాణానికి లోబడినవి. పాత కార్బ్యురేటరు ఇంజనుకు వాటి పొగను శుద్ధిచేసే పరికరం లేదు. కావున అటువంటి బండిని రోజూ కార్యాలయానికి నడపటం ఊరిగాలికి మేలు కాదు. ఏడాదికి కొన్ని ప్రయాణాలకు వాడుకొనేవారి సంగతి వేరు.

నిర్ణయం

ఇప్పుడు పెద్దల మాటను, మెకానిక్కు మాటను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఫ్రేము గట్టిగా ఉండి, కాగితాలు సరిగా ఉండి, చెడినవి అరిగే భాగాలు మాత్రమే అయితే మెకానిక్కు గెలిచినట్లే. అప్పుడు ఇంజనును పూర్తిగా విప్పి చేయించే ఖర్చును ముందే లెక్కవేసి, బండి ధరకు కలపాలి. ఆ మొత్తం చేతికి అందితేనే కొనాలి. విప్పిన తరువాత ఊహించని లోపాలు బయటపడటం పాతబండ్లకు సహజం కాబట్టి కొంత సొమ్ము విడిగా ఉంచుకోవాలి. విశాఖలో ఈ పనికి చేతులు కరవు కాదు. 1941లో పునాది పడిన ఓడల నిర్మాణశాల మొదలుకొని 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం వరకు వెలసిన పరిశ్రమలు ఈ నగరంలో లేతు పనివారిని, ఫిట్టర్లను తరాల తరబడి పెంచాయి.

ఫ్రేము తుప్పుతో గుల్లబారి ఉంటే మాత్రం పెద్దలదే సరియైన మాట. అటువంటి బండిపై అతుకులు వేసి కనుమలెక్కటం ప్రాణంతో చెలగాటం. అది వ్యర్థమవుతుందన్న దిగులు కూడా అక్కరలేదు. ఉక్కు కర్మాగారాల కన్వర్టర్లలో ద్రవరూపపు ఇనుముతోపాటు తుక్కు ఉక్కును కూడా వేసి కరిగిస్తారు. ఒకనాడు ఘాటురోడ్డు ఎక్కిన గొట్టం మరొకనాడు ఏ ఇంటి కప్పులోనో కడ్డీ కాగలదు. ఆ బండిని తుక్కుకు అప్పగించి, గట్టి ఫ్రేము గల మరొక బండి దొరికేవరకు ఓపికపట్టటం మంచిది.