చుట్టిల్లు

చుట్టు, ఇల్లు కలిస్తే చుట్టిల్లు. శ్రీకాకుళం, విజయనగరం తీరపల్లెల్లో గుండ్రటి మట్టిగోడ మీద తాటాకు కప్పిన ఇంటికి ఇదే పేరు. మూలల్లేని గోడను గాలి చుట్టుకుని పోతుంది. నేలకు దగ్గరగా దిగిన చూరు ఎండనూ వాననూ గోడదాకా రానివ్వదు, మందపాటి మట్టి పగటి వేడిని నెమ్మదిగా గానీ లోపలికి వదలదు. ప్రకృతిని గదిలోకి తేవడమంటే కుండీలో మొక్క పెట్టడమేనన్న నేటి అలంకరణ వాదం నాకు అరకొరగా తోస్తుంది. ఇక్కడ గోడే ప్రకృతి.

చీకటి, నిప్పు భయం, తరచూ కప్పు మార్చే ఖర్చు ఉన్నాయి కదా అంటారు. నిజమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళాన్ని కుదిపేశాక పక్కా కప్పు కోరుకున్నవారిని తప్పుపట్టలేం. అయితే పక్కా ఇల్లు మూసిన పెట్టె కానక్కర్లేదు. 1984లో పరిశోధకుడు రోజర్ ఉల్‌రిక్ ప్రచురించిన పరిశీలనలో, పెన్సిల్వేనియా ఆసుపత్రిలో కిటికీలోంచి చెట్లు కనబడిన శస్త్రచికిత్స రోగులు ఇటుకగోడ కనబడినవారికన్నా త్వరగా ఇల్లు చేరారు. బలమైన నొప్పిమందులూ తక్కువే వాడారు. చుట్టిల్లు మట్టిలో ముందుంది, కిటికీలో వెనకబడింది. కొత్తగా కట్టుకునేవారు స్లాబే వేసుకోండి; లోగోడకు మట్టిపూత, పెరటి చెట్టువైపు కిటికీ మాత్రం మేస్త్రీని అడిగి పెట్టించుకోండి.