పగ లేని పాత రోజులు

2009లో విడుదలైన “అండర్‌వరల్డ్: రైజ్ ఆఫ్ ది లైకన్స్” అనే చలనచిత్రం రక్తపిశాచులకు, తోడేలు మనుషులకు మధ్య వైరం ఎట్లా పుట్టినదో చెప్పే కథ. పిశాచులు ప్రభువులు, తోడేళ్ళు బానిసలు; తిరుగుబాటుతో పగ మొదలవుతుంది. కథ బాగానే ఉన్నది. కాని ఈ నమ్మకాలు బలంగా పాతుకొన్న బాల్కన్ పల్లెలలో ఈ రెండింటికీ పగ లేదు సరికదా, చాలాచోట్ల పేరు కూడ ఒక్కటే.

సెర్బియా భాషలో ఆ పేరు “వుకొద్లాక్”. “వుక్” అంటే తోడేలు. సంస్కృతంలోని “వృక” శబ్దానికి ఇది జ్ఞాతి. వృకోదరుడని భీమునికి పేరున్నది కదా, ఆ వృకమే. మాటలోని రెండవ భాగానికి వెంట్రుకలని అర్థం చెప్పుతారు. 1262 నాటి ఒక సెర్బియా మతధర్మ గ్రంథపు ప్రతిలో, వుకొద్లాకులు సూర్యచంద్రులను తినడం వల్ల గ్రహణాలు పట్టుతాయని పల్లెవారు అనుకొంటారని ఉన్నది. మన రాహుకేతువుల వంటివే అన్నమాట. కాలక్రమాన అదే మాట సమాధి నుండి లేచివచ్చే శవానికి వాడుకైనది. గ్రీకులు దానినే “వ్రికోలకస్” చేసికొన్నారు.

1718 సంధితో ఉత్తర సెర్బియా ఆస్ట్రియా పాలనలోకి వచ్చింది. 1725లో కిసిల్యెవో గ్రామంలో ఎనిమిది దినాలలో తొమ్మండుగురు మరణించారు. పది వారాల క్రితం పూడ్చిన పీటర్ బ్లగోయేవిచ్ నిద్రలో తమ మీద పడి గొంతు నొక్కినాడని వారు చనిపోయే ముందు చెప్పినారట. శవాన్ని తవ్వనీయకపోతే ఊరు విడిచిపోతామని జనం పట్టుబట్టినారు. ఫ్రోంబాల్డ్ అనే అధికారి చేసేది లేక వెంట వెళ్ళి, చూచినది వ్రాసి పంపినాడు: గడ్డం, గోళ్ళు పెరిగినవి, పాత చర్మం ఊడి కొత్తది వచ్చింది, నోట రక్తమున్నది. గుండెలో మేకు దిగవేసి శవాన్ని కాల్చివేశారు.

ఆ అధికారి అబద్ధమాడలేదు. అతడు చూచినవన్నీ శవం కుళ్ళడంలో సహజమైనవే. ప్రేగులలోని బాక్టీరియా పుట్టించే వాయువుతో పొట్ట ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి నెత్తురు కలిసిన ద్రవం ఊపిరితిత్తుల నుండి నోటికి వస్తుంది. గడ్డకట్టిన రక్తం మరల ద్రవం కావచ్చును. పైపొర ఊడితే క్రింది చర్మం ఎఱ్ఱగా, లేతగా కనబడుతుంది. గోళ్ళు పెరగవు, చుట్టూ చర్మం ఎండి ముడుచుకొనడంతో పొడవైనట్లు తోస్తాయి. చల్లని, గాలి చొరని మట్టిలో ఈ మార్పులు మెల్లగా సాగుతాయి. ఊరివారిని పూర్తిగా తప్పుపట్టలేము. ఇంటింటా చావులు జరుగుతుంటే, రోగానికి కారణం చెప్పగలవారు అప్పుడెవరూ లేరు.

1732లో మెద్వెజా గ్రామం నుండి సైనిక వైద్యుడు ఫ్ల్యూకింగర్ పంపిన నివేదికతో ఈ గోల యూరపంతా ప్రాకింది. అక్కడ కుళ్ళని శవాల తలలు నరికి, కాల్చి, బూడిదను మొరావా నదిలో కలిపినారు. చివరకు 1755లో మహారాణి మరియా థెరీసా తన ఆస్థాన వైద్యుడు వాన్ స్వీటెన్‌ను విచారించమన్నది. ఇది అజ్ఞానమని అతడు తేల్చగా, శవాలను ఇట్లా తవ్వి కాల్చడాన్ని ఆమె నిషేధించింది.

పల్లెటూరి శవాన్ని ప్రభువుగా మార్చినది రచయితలు. 1819లో పొలిడోరి అనే ఆంగ్ల వైద్యుడు వ్రాసిన కథతో రక్తపిశాచి జమీందారు వేషం కట్టింది. అయినా పాత చుట్టరికం వెంటనే తెగలేదు. 1897 నాటి “డ్రాక్యులా” నవలలో ఆ ప్రభువు తోడేళ్ళను పిలిస్తే వస్తాయి. తానూ తోడేలు రూపం దాల్చగలడు.